వలెను, వచ్చును

మా సీనియర్ పోయారన్న వార్త హిందూపురం కోర్టు వరండాలో నేనొక వకాలతు మీద సంతకం చేయించుకుంటుండగా వచ్చింది. పెనుకొండ నుంచి ఆయన గుమాస్తా ఫోను చేశాడు. "సార్ పోయినాడమ్మా. పొద్దున్నే కాఫీ తాగి, పేపరు చేత్తో పట్టుకోని అట్లే కూర్చోనుండాడు" అన్నాడు. నాకు ముందుగా వచ్చింది దుఃఖం కాదు, ఇక అడగరన్న ఊరట. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ ఊరట ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. సంతాప సభలో పది నిమిషాలు మాట్లాడాను. అన్నీ చెప్పాను, ఇది తప్ప.

ఆయన దగ్గర ఆరేళ్ళు జూనియర్‌గా ఉన్నాను. ఆయన పరిగి దగ్గర సేద్యం చేసుకునే ఇంటి నుంచి వచ్చి, బతుకంతా పెనుకొండ కోర్టులో నల్లకోటు వేసుకున్న మనిషి. కోర్టు లేని రోజున ఉడకబెట్టిన శెనక్కాయలు ముందు పెట్టుకుని, రాబోయే చట్టాల ముసాయిదాలు చదివేవారు. మిగతా వకీళ్ళం చట్టం అమల్లోకి వచ్చాక పుస్తకం కొనుక్కునేవాళ్ళం. ఈయన అది బిల్లుగా ఉండగానే ప్రింటు తెప్పించి, స్కేలు పెట్టి ఒక్కో లైనూ కిందికి జరుపుతూ చదివేవారు. "వచ్చినంక ఏడ్చి ఏం లాభం? రాకముందే చూడల్ల" అనేవారు. తొక్కలన్నీ ఫైళ్ళ మీదే పడేవి. ఎత్తేది నేను. లోలోపల బాగా తిట్టుకునేదాన్ని.

చదవడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. చట్టంలో 'ఏ వ్యక్తి అయినను' అని ఉన్న చోటల్లా మాకు తెలిసిన మనిషి పేరు పెట్టి పైకి చదవమనేవారు. "వ్యక్తి అంటే ఎవురికీ నొప్పి తెల్దమ్మా. పేరు పెట్టు, తెలుస్తాది." ఒకసారి జైలు శిక్ష గురించిన సెక్షనులో నా పేరే పెట్టించారు. నవ్వుతూ మొదలుపెట్టి మూడో లైనుకల్లా నవ్వు మానేశాను.

పోయిన ఏడాది అరెస్టులు, బెయిళ్ళ గురించిన ఒక బిల్లు ముసాయిదా మీద ప్రజల అభిప్రాయాలు అడిగారు. తెలుగు ప్రతి తెప్పించి ఇద్దరం కూర్చున్నాం. ఒక క్లాజు దగ్గర స్కేలు ఆగిపోయింది. అరెస్టయిన వ్యక్తి ఇంటివారికి ఆ సంగతి 'తెలియజేయవచ్చును' అని ఉంది. మాకు అలవాటైన మాట 'తెలియజేయవలెను'.

"నారాయణమ్మ పేరు పెట్టి చదువు" అన్నారు.

నారాయణమ్మ ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీరలు నేస్తుంది. ఒకప్పుడు ఆమె భర్తను ఎక్కడో దూరపు ఊళ్ళో పట్టుకుంటే ఇంటికి కబురు రాలేదు. రెండు రోజులు ఆస్పత్రులూ బస్టాండ్లూ రైలు పట్టాలూ వెతికి మా ఆఫీసుకు వచ్చింది. నేను చదివాను: 'అరెస్టు సంగతి నారాయణమ్మకు తెలియజేయవచ్చును.'

"చూసినావా? వలెనుకూ వచ్చునుకూ నడమ రెండు దినాలుండాయి. ఆ రెండు దినాలూ ఆ తల్లి శవం కోసరం తిరిగింది" అన్నారు.

తొమ్మిది పేజీల అభ్యంతరం చేత్తో రాశారు. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టి, టైపు చేసి, గడువులోగా మెయిల్ చేయాలి. కింద ఆయన పేరు, దాని కింద నా పేరు. నాది ఎందుకు సార్ అంటే, "నేను పోయినంక దీన్ని గురించి అడిగేదానికి ఒకరుండల్ల కదమ్మా" అన్నారు.

అప్పుడే నేను ప్రభుత్వ ప్లీడరు పోస్టుకు దరఖాస్తు పెట్టుకుని ఉన్నాను. ప్రభుత్వం తెస్తున్న బిల్లు మీద అభ్యంతరం, దాని కింద నా పేరు. నన్నెవరూ బెదిరించలేదు, వద్దనలేదు. నాకు నేనే భయపడ్డాను. ఇంగ్లీషు చేశాను, టైపు చేశాను. గడువు రోజు సాయంత్రం దాకా కంప్యూటరు ముందు కూర్చుని, పంపకుండా లేచి వచ్చాను. నా పేరు తీసేసి ఆయన పేరుతోనైనా పంపొచ్చు. ఎందుకు తీశావని అడుగుతారేమోనని అదీ చేయలేదు.

కొన్నాళ్ళకు అడిగారు. "జవాబేమన్నా వచ్చిందేమ్మా?"

"రాలేదు సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. పంపనిదానికి జవాబెలా వస్తుంది? క్రాస్ ఎగ్జామినేషన్ నేర్పుతూ ఆయనే చెప్పేవారు, "అబద్ధం చెప్పే సాక్షి వాడంతట వాడే దొరుకుతాడు. సగం నిజం చెప్పేవాణ్ని నువ్వే పట్టుకోవల్ల" అని. నన్ను మాత్రం ఇంకో ప్రశ్న అడగలేదు. శెనక్కాయల పళ్ళెం నా వైపు జరిపారు.

ఆ పోస్టు నాకు రాలేదు. వచ్చి ఉంటే ఇది రాసే ధైర్యం ఉండేదో లేదో చెప్పలేను. హిందూపురంలో సొంత ఆఫీసు పెట్టుకున్నాక పెనుకొండ వెళ్ళడమే తగ్గించాను. రైలెక్కితే గంట కూడా పట్టని దారికి పనులున్నాయని సాకులు చెప్పాను. ఒక్క ఉత్తరంతో ఆ మాట మారేదా అని నాతో నేనే వాదించుకుంటాను. ప్రతిసారీ నేనే గెలుస్తాను, అయినా మనసు ఒప్పుకోదు. ఆ బిల్లు చివరికి ఏ మాటతో వస్తుందో ఇంకా తెలియదు.

పదకొండో రోజు పెనుకొండ వెళ్ళి, ఇంట్లో అందరినీ పలకరించి వస్తుంటే, కోర్టు ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపతను పిలిచాడు.

"మేడమ్, ఆ బిల్లుకు జవాబు తనకూ రావల్లని సార్ నా సిస్టంలో మెయిల్ ఐడీ తెరిపించుకున్నాడు. వారానికి రెండు తూర్లు వస్తాండె. ఏమప్పా, వచ్చిందా అంటాండె. లేదు సార్ అంటే, 'వస్తాదిలేప్పా, మా పాప పంపించింది కదా' అంటాండె. ఇప్పుడు దాన్ని తీసేయమంటారా?"

ఆ అడ్రసు నాకు తెలుసు. తొమ్మిదో పేజీ చివర దాన్ని టైపు చేసింది నేనే. ఆయన దాన్ని తెరిచి ఎదురుచూస్తారని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. అతను తెర నా వైపు తిప్పాడు. పైన ఆయన పేరుంది. కింద ఒక్క ఉత్తరమూ లేదు.

"కాసేపు ఉండప్పా" అని బయటి మెట్టు మీద కూర్చుని నా ఫోను తీశాను. పంపకుండా నా మెయిల్లోనే ఉంచేసిన తొమ్మిది పేజీలూ జతచేసి, పైన ఒక్క లైను రాశాను. 'సార్, నేను దీన్ని పంపలేదు.' ఆ అడ్రసుకు పంపాను.

లోపలి నుంచి అతను సంబరంగా కేకేశాడు.

"మేడమ్, వచ్చిండాది! సారుకు జవాబొచ్చిండాది! తెరవమంటారా?"