పక్క సీటు

తెలంగాణ వచ్చిన కొత్తలో, దేవరకొండ అవతల గుట్టల్లో పాడుబడ్డ రెండో ప్రపంచ యుద్ధకాలపు మిలిటరీ లారీని కొన్నాను. దానితో రాళ్లు తోలిన డ్రైవరు పోయాడు. అతని ముసలి భార్య ఒక్కతే ఉంది. తుమ్మకంప నరికి, చక్రాలు మార్చి, ట్రాక్టరుకు గొలుసుతో కట్టేసరికి నా ఓపిక చచ్చింది. నేను లారీ స్టీరింగు ముందు కూర్చోగానే ఆమె పక్క సీటు కొంగుతో తుడిచింది.

"ఏందవ్వా, జరుగు!" కసిరాను.

"రోడ్డు దాంక కూసుంట బిడ్డా. మా ఆయన ఒక్కనాడన్న ఎక్కియ్యలే."

చెప్పులు విడిచి, చేతబట్టుకుని ఎక్కింది. రోడ్డు రాగానే దిగి, చెప్పులేసుకుని, వచ్చిన బాటనే ఒక్కతే నడిచిపోయింది.

షాద్‌నగర్‌లో నా షెడ్డులో బాగుచేశాక ఆ లారీ ఇప్పుడు నడుస్తోంది. పక్క సీటు మాత్రం ఖాళీయే. అడిగి ఎక్కేవాళ్లెవరూ నాకు లేరు.