పన్నా చూసి కొన్న చక్రాలు

మొన్న ఆదివారం పొద్దున మా అమ్మాయి ఫోనులో నాలుగు రకాల కారు చక్రాల ఫొటోలు పంపి, మామయ్య ఇచ్చిన కారుకు వీటిలో ఏవి నప్పుతాయో చెప్పమని అడిగింది. టైర్ల వెడల్పు గురించి నన్ను సలహా అడిగే మనిషి సూరత్‌లో ఇంకా మిగిలి ఉందంటే నాకే నవ్వొచ్చింది, ఆ విషయంలో నా ఘనత అలాంటిది మరి.

ఆ కారు మొదట మా బామ్మర్దిది. సూరత్ పక్కనున్న సచిన్‌లో మరమగ్గాల మిస్త్రీగా ఉన్న రోజుల్లో, సేఠ్ గోదాములో దుమ్ముకొట్టుకుపోయిన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారును చవగ్గా కొని, ఆదివారాలన్నీ దాని కిందే పడుకుని బతికించాడు. మేనకోడలిని, అంటే మా అమ్మాయిని, అత్తవారింటికి అందులోనే సాగనంపుతానని మాటిచ్చాడు, ఆ పిల్లా దాన్ని పట్టుకుని కూర్చుంది. తీరా పెళ్లి వారం ఉందనగా చూస్తే, కారు మెరుస్తోంది గానీ పాత సన్నటి చక్రాలతో, పట్టుపంచె కట్టి అరిగిన చెప్పులేసుకున్న పెళ్లికొడుకులా ఉంది.

కొత్తవి ఎంచడానికి పెద్దమనిషినని నన్ను వెంటబెట్టుకెళ్లాడు. జీవితమంతా మగ్గాల మధ్య గడిపినవాణ్ణి, బట్ట వెడల్పును మేం పన్నా అంటాం, పన్నా పెరిగితే ధరా పెరుగుతుందన్నది నాకు తెలిసిన ఏకైక వేదం. అందుకని దుకాణంలోకల్లా వెడల్పాటి చక్రాలు చూపించాను. ఒక మెట్టు తగ్గమని దుకాణదారు గుజరాతీలో చెబుతూనే ఉన్నాడు, నేను వింటేనా!

బామ్మర్ది వాటిని ఇంటి దగ్గరే బిగించాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిన్నగా పోయినంతసేపు రాజభోగమే. సందు మలుపులో స్టీరింగు తిప్పగానే టైరు మడ్‌గార్డుకు కర్రుమని ఒరుసుకుంది. బామ్మర్ది దిగి నేలమీదే కూలబడ్డాడు, నా తెలివి వల్ల పిల్లకిచ్చిన మాట తప్పేలా ఉందని నాకు ప్రాణం చచ్చిపోయింది.

అప్పుడు మా ఆవిడ చేతిలో దారపు కండెతో బయటికొచ్చి, ఒక్క మాటే అంది.

"మగ్గం పన్నా జూడకుండ బట్ట పన్నా జూస్తరా ఎవలన్న? జర సోంచాయించద్దా?"

పాత చక్రాలు మళ్లీ పెట్టించి, బరువుకు మా ఇద్దరినీ కార్లో కూర్చోబెట్టి, స్టీరింగు అటూ ఇటూ చివరిదాకా తిప్పించి, టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఎంత సందు మిగిలిందో దారంతో కొలిచి ముడివేసింది. మర్నాడు ఆ ముడి పట్టుకుని దుకాణానికి తనే వచ్చింది. దుకాణదారు సణుగుతూనే ఆ వెడల్పాటివి వెనక్కి తీసుకుని, ఆ సందుకు సరిపోయేవి ఇచ్చాడు.

అప్పగింతల రోజు, రెండే సీట్లు కాబట్టి అల్లుడే నడిపాడు. సందు మలుపులో మేమంతా ఊపిరి బిగబట్టాం. చిన్న చప్పుడు కూడా లేదు. ఏడవాల్సిన పెళ్లికూతురు పకపకా నవ్వుతూ చెయ్యూపింది, బామ్మర్ది మాత్రం స్కూటరు మీద టైర్లు ఎక్కడైనా ఒరుసుకుంటాయేమోనని వింటూ ఊరి చివరిదాకా వెంట వెళ్లాడు. అంత సంతోషం మా ఇంట్లో మళ్లీ చూశానో లేదో!

ఇప్పుడు ఏ టైరు ఏ కారుకు ఒరుసుకుంటుందో ఫోనే చెప్పేస్తుంది. అదే చాలని అమ్మాయికి చెప్పాను. మా ఆవిడ వినలేదు, సాయంత్రం కారు తెమ్మంది. తీరా కొలుద్దామంటే దారం లేదు. ఒకప్పుడు తినే కంచంలోనూ పోగులు రాలిన ఇల్లు, మగ్గాలు అమ్మేశాక వెతికినా జానెడు దారం దొరకలేదు. చివరికి తన కొంగు అంచు నుంచి ఒక పోగు లాగింది. స్టీరింగు చివరిదాకా తిప్పమని కూతురికి చెప్పి, నన్ను అప్పటిలాగే బరువుకు పక్క సీట్లో కూర్చోమంది.