తాళాల తాత, ఐదుకి ఐదు

మా తాత తాళాలు బాగుచేసేవాడు. ఇలా రాశానని తెలిస్తే ఊరుకోడు. "చేసేవాడేంటే దొంగమొహమా, ఇంకా బతికే ఉన్నా" అంటాడు. ఇప్పుడు కొట్లో స్టూలు మీద కూర్చుని నోటితో చేస్తాడు, చేతులు మాత్రం నావి. ఎనిమిదో తరగతిలో బడీ నేనూ ఒకరినొకరం వదిలించుకున్నాం. అప్పటినుంచి నాకు పంతులు ఆయనే.

నలభై ఏళ్లలో ఎన్ని తాళాలు తీశాడో ఆయనకే లెక్కలేదు. కొన్ని తలుపులు మాత్రం మర్చిపోలేదు. "లోపల పెద్దాయన రెండు రోజులుగా పలకడం లేదు, కాస్త వచ్చి తలుపు తియ్యి" అని పిలిస్తే వెళ్లి తీసినవి అవి. తలుపు తీసేది ఆయనే, లోపల ఏముందో అందరికంటే ముందు చూసేదీ ఆయనే. అలాంటి రోజు ఇంటికొచ్చి ఏమీ తినకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడని అమ్మ చెబుతుంది.

అందుకే జబ్బు వచ్చినప్పుడు ఆయన చావుకి భయపడలేదు. పడిపోతానేమో, ఎవరూ రారేమో అని భయపడ్డాడు.

ముందు తాళంచెవులు వేళ్లలోంచి జారిపోవడం మొదలైంది. తర్వాత మెట్ల మీద మోకాళ్లు ఉన్నట్టుండి మడతపడిపోయేవి. రెండేళ్లపాటు డాక్టర్లంతా వయసన్నారు. చివరికి ఒకాయన తొడలోంచి చిన్న కండముక్క తీసి పరీక్షించి ఒక పేరు చెప్పాడు. ఆ పేరు తాత పలకలేడు, నేను రాయలేను. లక్షమందిలో ఏ కొద్దిమందికో వస్తుందట. మందు లేదు. వేళ్ల పట్టు పోతుంది, తొడల్లో సత్తువ పోతుంది, పడితే సొంతంగా లేవలేరు.

"ఒక్క లాటరీ తగల్లేదు ఈ జన్మలో. ఇది తగిలింది చూడు" అన్నాడు తాత. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

ఆస్పత్రి ద్వారా ఒక అమ్మాయి వచ్చింది. యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఇలాంటి అరుదైన కండరాల జబ్బులున్నవాళ్లకు ఏదైనా కొత్త పరికరం ఇస్తే వాళ్లు దాన్ని ఎందుకు వాడతారు, ఎందుకు మూలన పడేస్తారు అన్నది ఆమె చదువు. నేను అక్కా అని పిలిచాను. ఆమె తాత మెడలో తాడుకి కట్టిన తెల్లటి బిళ్ల వేసింది. మధ్యలో బటన్. నొక్కితే అమ్మ ఫోనూ, నా ఫోనూ, ఆమె ఫోనూ మోగుతాయి.

"పొరపాటున నొక్కుకోకుండా బటన్ని లోపలికి దింపారు, చూడండి" అని తనే నొక్కి చూపించింది. మూడూ మోగాయి. తర్వాత కాగితాలు తీసింది.

"ఈ పరికరం వాడటం నాకు తేలిక. ఒకటి అంటే అస్సలు ఒప్పుకోను, ఐదు అంటే పూర్తిగా ఒప్పుకుంటాను. మీరు ఎంత వేస్తారు తాతగారూ?"

"ఐదు."

"ఇది నాకు ధైర్యం..."

"ఐదు."

"ప్రశ్న ఇంకా అవలేదండీ."

"అయినా ఐదే కదమ్మా. నీకెందుకు శ్రమ?"

ఆమె వెళ్లాక నేను తలుపు సందులోంచి చూశాను. తాత కుడి బొటనవేలితో నొక్కాడు. ఎడమదానితో నొక్కాడు. రెండూ కలిపి నొక్కాడు. ఆఖరికి బిళ్లను బల్ల మూలకి ఆనించి వంగాడు. నా ఫోన్ మోగింది.

"టెస్టు చేస్తున్నాలే" అన్నాడు.

"అయితే బల్లను కూడా మెళ్లో కట్టుకో తాతా" అన్నాను నేను.

ఇద్దరం నవ్వుకున్నాం. తమ ఫోన్లూ మోగాయని అమ్మా, అక్కా అడిగితే టెస్టనే చెప్పాం; అసలు సంగతి ఇద్దరికీ చెప్పలేదు.

పది రోజుల తర్వాత ఒక ఉదయం అమ్మ బట్టల మిల్లుకి వెళ్లిపోయింది. తాత స్నానానికి వెళ్లాడు. గడియ పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినడు. ఆడపిల్ల ఇంట్లో ఉంటే సిగ్గట. అరచేతి మొదలుతో గడియ నెడతాడు. ఆ చప్పుడు విన్నాను. కాసేపటికి ఇంకో చప్పుడు, బస్తా పడ్డట్టు.

"తాతా! తాతా, పలుకు!"

"పలకడానికే కదే ఊపిరి తీసుకుంటున్నా. అరవకు."

"గడియ తియ్యి!"

"తియ్యగలిగితే ఇక్కడెందుకు పడుకుంటా, ముచ్చటపడా?"

"మెళ్లో బటన్ నొక్కు మరి!"

లోపల కుళాయి నీళ్లు పడుతున్న చప్పుడు. ఆ చప్పుడులో చాలా చిన్న గొంతుతో అన్నాడు. "అది నొక్కడం నావల్ల కాదే."

కుళాయి కట్టలేదు. తువ్వాలు జారి నీళ్లు పోయే కన్నానికి అడ్డంపడింది. గడప నాలుగు వేళ్ల ఎత్తు, అందాకా నీళ్లు లోపలే నిలుస్తాయి. తాత బోర్లా పడి ఉన్నాడు, తల ఎత్తలేడు. అదంతా లోపలినుంచి ఆయనే చెప్పాడు, వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు.

పక్కిళ్లకు పరిగెత్తాను. రెండింటికీ తాళాలు. అమ్మ ఫోన్ ఎత్తలేదు, మిల్లులో మిషన్ల మోత. అంబులెన్సువాళ్లు ఇరవై నిమిషాలన్నారు. తలుపు బయటికి తెరుచుకునేది, ఎంత తన్నినా కదలదు.

"రంపం బ్లేడు తే" అన్నాడు తాత.

తెచ్చాను. తలుపుకీ చట్రానికీ మధ్య సందు బ్లేడు మందం కంటే ఎక్కువ లేదు.

"ఏ మహానుభావుడు బిగించాడు ఈ తలుపు!" అని ఏడ్చాను.

"మంచి పనివాడులే. ఏడుపు తర్వాత. బ్లేడు గడియ కిందనుంచి పోనీ. పళ్లు గడియకు ఆనితే కిర్రుమంటుంది. ఆనాయా?"

"ఆనాయి."

"లాగకు. ముందు ఎత్తు, గడియ పిడి అది కూర్చునే గాట్లోంచి బయటికి రావాలి. తర్వాత పక్కకి. కళ్లతో కాదు, వేళ్లతో చూడు."

బ్లేడు పుటుక్కున విరిగింది. ఇంకోటి తెచ్చేసరికి గడప మీదుగా నీళ్లు బయటికి వస్తున్నాయి. తాత మాటల్లో బుడగలు వినిపిస్తున్నాయి.

"భయమేస్తోందే, బంగారం" అన్నాడు.

నన్ను ఏనాడూ బంగారం అనలేదు. ఆ తర్వాత ఏమీ అనలేదు.

పళ్లు మళ్లీ మళ్లీ జారాయి. పిడి లేచింది. గడియ వెంట్రుకవాసి కదిలింది, ఇంకొంచెం, ఇంకొంచెం. తలుపు తెరుచుకుంది. తాత మొహం ఒక పక్కకి తిరిగి ఉంది, నీళ్లు పెదవి మూలను దాటి ముక్కును అంటుతున్నాయి. తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. అంబులెన్సు వచ్చేదాకా ఆ నీళ్లలోనే కూర్చున్నాను.

వారం తర్వాత అక్క మళ్లీ అవే కాగితాలతో వచ్చింది. పడిన సంగతి ఆమెకింకా తెలియదు. "ఈ పరికరం వాడటం నాకు తేలిక" అని చదివింది. నేను నోరు తెరిచాను. తాత చెయ్యెత్తి ఆపాడు.

"ఒకటి వెయ్యమ్మా. అంతకంటే తక్కువుంటే అది వెయ్యి."

జరిగింది చెప్పాడు. ఆమె ఎదురుగా బటన్ మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు తడిసిన అట్టముక్కలా వంగిపోయింది.

"ముందే ఎందుకు చెప్పలేదండీ?" అంది ఆమె.

"వేళ్లు పనిచెయ్యని తాళాలవాడి కొట్టుకి ఎవరొస్తారమ్మా?"

ఆమె సంచిలోంచి మిగతా కాగితాలు తీసి గబగబా తిరగేసింది.

"ఈ జబ్బున్నవాళ్లు ఇంకా ఏడుగురున్నారు. ఏడుగురూ ఐదే వేశారు."

వెంటనే స్పీకర్ పెట్టి మొదటాయనకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. మోగుతూనే ఉంది. మేం ముగ్గురం ఆ ఫోన్ వైపే చూస్తూ ఉన్నాం. మూడోసారి ఎత్తారు. బటన్ నొక్కడం ఎలా ఉందని అక్క అడిగింది.

"బాగానే ఉందమ్మా, తేలికే" అంది ఒక ముసలి గొంతు. "ఐదు వేసుకో."

తాత నావైపు చూసి మెడ ముందుకి చాచాడు. అక్క ఫోన్ తీసి ఆయన మొహం దగ్గర పట్టుకున్నాను.

"అయ్యా, నేను తాళాలు బాగుచేస్తాను. నాకూ మీ జబ్బే. నా వేలు ఆ బటన్ నొక్కలేదు. మీ వేలు?"

తాత కళ్లు మూసుకుని ఆగాడు.

"నాదీ అంతేనండీ" అంది ఆ గొంతు. "మా ఇంట్లోవాళ్లకు చెప్పకండి."

"నేను చెప్పను. మీరే చెప్పాలి. ఇప్పుడే ఇంట్లో ఎవరినైనా పిలవండి. నేను ఫోన్ పెట్టను, వింటూ ఉంటా."