ఐదుగురు శ్రీనివాసులు, ఒకే తాళం

మేనేజరును ఆయన ఆఫీసులోనే పరాయివాణ్ని చేసిన ఘనుణ్ని ఎప్పుడైనా చూశారా? ఇదుగో, నేనే. నా కొంపకు నేనే నిప్పంటించుకున్న కథ ఇది. అప్పటికి నా కంప్యూటర్ సర్టిఫికెట్ మీద సిరా కూడా ఆరలేదు.

ఆబిడ్స్‌లో మాదొక ట్రాన్స్‌పోర్టు కంపెనీ. ఎవరు ఏ ఫైలు తెరవచ్చో చూసుకునే డైరెక్టరీని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చే పని నాకిచ్చారు. పాతదానిలో ఏ శాఖ మనుషులు ఆ శాఖలో వేరుగా ఉండేవారు. కొత్తదానిలో ఒక పేరు ఒక్కరికే. అందుకని "పేరు మళ్లీ వస్తే నకలు, కలిపెయ్" అని కంప్యూటర్‌కు ఆజ్ఞాపించి, పాత డిస్కులు శుభ్రంగా తుడిచేశాను.

దేవుడొక్కడే, నామాలు వేయి అంటారు. మా ఆఫీసులో నామం ఒక్కటే, శ్రీనివాసులు ఐదుగురు. అందులో మేనేజరు గారొకరు, నేనొకణ్ని.

మూడున్నర దాటాక మేనేజరు గారు కేకేశారు. "ఏందిది? నా టెండర్ ఫైల్ తెరుస్తలేదు! నాలుగు లోపల బషీర్‌బాగ్‌ల ఇయ్యాలె."

"ఒక్క నిమిషం సార్" అంటూ నా పేరు కొట్టాను. నన్నూ రానివ్వలేదు. ఐదుగురం ఒక్కరమైపోయాం. ఆ ఒక్క ఖాతాను ముందుగా తెరిచి కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నవాడు మా ఐదుగురిలో పార్శిళ్లు చూసే శ్రీను. మరి ఎవరి పాస్‌వర్డునైనా మార్చగల అత్యవసర ఖాతా ఉండాలిగా అంటారా? భద్రత కోసమని దాన్ని నేనే మూసేశాను. ఎవరు తీసిన గోతిలో వాళ్లే పడతారంటారు. నేను నిచ్చెన కూడా దాచేసి పడ్డాను.

"టెండర్ పోతే నీ నౌకరి గూడ పోయినట్టే" అన్నారు సార్ మెల్లగా. అరిచి ఉంటే భయం తక్కువుండేది.

శ్రీను నాంపల్లి స్టేషన్లో ఉన్నాడు. అక్కడి పార్శిల్ ఆఫీసుకు ఫోన్ చేసి లైన్లోకి పిలిపించాం.

"శ్రీనన్నా, నీ పాస్‌వర్డ్ చెప్పు!"

"గది చెప్ప తమ్మీ. నేనే వచ్చి కొడ్త తీ."

సార్ ఫోన్ లాక్కుని స్పీకర్ నొక్కారు. "అరే శ్రీను, నువ్వొచ్చేసరికి నాలుగైతది. జర జల్ది చెప్పు!"

అవతల రైలు కూత వేసింది. దాని చాటున శ్రీను గొంతు తగ్గించాడు. "సార్, ఏమనుకోవద్దు... మేనేజర్ పిసినారి."

సార్ కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం వెతికి కొట్టసాగారు. సగంలో ఆగారు.

"నడిమిట్ల జాగ ఇడ్సినవా?"

"లే సార్. కలిపే కొట్టిన."

టెండర్ వేళకు చేరింది, నా నౌకరి నిలిచింది. ఆ దసరాకు శ్రీనుకు బోనస్ రాలేదు కాబట్టి పాస్‌వర్డ్ మార్చే అవసరమూ పడలేదు. నేను మాత్రం ఏడుకొండలవాడి మీద ఒట్టేశాను: ఇద్దరికి ఒకే పేరుంటే ఇంటిపేరు, తండ్రి పేరు, చివరికి గోత్రం దాకా అడగందే ఏ డైరెక్టరీనీ ముట్టను. ఆయనా శ్రీనివాసుడే కనుక, ఒట్టు సరైన ఖాతాలోనే పడి ఉంటుందని ఆశ.