బాబాయికి ఐడియా వచ్చిన వానాకాలం

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయి ఉడికిపోతుంటే, ఆటో డ్రైవరు వెనక్కి తిరిగి, "మేడమ్‌గారూ, నాకో ఐడియా వచ్చిందండీ. అటు రాంగ్ రూట్లో దూరామంటే చిటికెలో గవర్నర్‌పేటలో ఉంటాం" అన్నాడు. అతని మొహం వెలిగిపోతోంది. నాకు మాత్రం గుండె దడ పుట్టింది. "వద్దు నాయనా, నీకు పుణ్యముంటుంది, ఆపెయ్" అని దిగి, ఆ ఎండలో నడుచుకుంటూ పోయాను. పిచ్చిదనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఉద్యోగమంతా పిల్లలకి ఇంగ్లీషు చెప్పడంతోనే సరిపోయింది నాకు. ఆ భాష మొత్తంలో నేను భయపడే మాట ఈ ఐడియా ఒక్కటే. మనవాళ్లు దాన్ని ఎప్పుడో సొంతం చేసేసుకున్నారు. దారి అడిగితే "ఐడియా లేదండీ" అంటారు, తెలియదని. ఎవడైనా ఎత్తు వేస్తే "భలే ఐడియా వేశాడ్రా" అంటారు. దాని పుట్టిల్లు గ్రీకు. అక్కడ మొదట్లో దానికి అర్థం రూపం, కంటికి కనబడే తీరు. మన విద్యకీ వేదానికీ దూరపు చుట్టమేనట. ఆ మాటకొస్తే మన ఆలోచనలో మాత్రం లోచనం లేదూ? ఎక్కడివాళ్లయినా తలలో మెదిలేదాన్ని చూపుతోనే ముడిపెట్టారు. గ్రీకు పెద్దాయన ఒకరైతే ఇంకా ముందుకెళ్లి, అసలు రూపం ఏ మచ్చా లేకుండా భావలోకంలోనే ఉంటుంది, మనం చేత్తో పట్టుకునేవన్నీ దాని నకళ్లేనన్నాడు. ఆ పాఠం చెప్పినప్పుడల్లా నాకు మా బాబాయి గుర్తొచ్చేవాడు. ఆయన తలలో ఉన్నంతసేపూ ఏ వస్తువుకీ మచ్చ ఉండేది కాదు.

బాబాయి, పిన్ని పెడనలో మగ్గం నేసేవాళ్లు. గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు వేలాడేసి కూర్చుని, అడుగున ఉన్న పలకల్ని తొక్కుతూ నెయ్యాలి. డెల్టా నేల సంగతి తెలిసిందే కదా, నాలుగు చినుకులు పడితే చాలు, గుంటలోకి నీళ్లు ఊరతాయి. మగ్గం ఆగిపోతుంది. వానాకాలమంతా ఆ వీధి వీధంతా చేతులు ముడుచుకుని కూర్చునేది. బాబాయికి అది నచ్చేది కాదు. చదువుకునే రోజుల్లో నేను సెలవులకి అక్కడికెళ్లేదాన్ని. ఒకరోజు భోజనం మధ్యలో చెయ్యి ఆపి, "ఏమేవ్, ఐడియా!" అన్నాడు. పిన్ని వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నావైపు చూసింది. అంతకుముందు ఐడియాలకి ఇంటి పెంకులూ, ఒక కుట్టుమిషనూ బలైపోయాయి. నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు.

ఈసారిది కూలర్లో ఉండేలాంటి చిన్న మోటారు. గుంటలో ఓ మూల పెడితే ఊరే నీళ్లు ఊరినట్టే బయటికి పోతాయి, పిన్ని నేస్తూనే ఉండొచ్చు. వైరు చాలకపోతే ఇంకో ముక్క కలిపి టేపు చుట్టాడు. "ఏవండీ, నీళ్లకీ కరెంటుకీ పడదు కదండీ. ఆ అతుకు నీళ్లలో పడితే ఏం గతండీ" అంది పిన్ని. "నీదంతా పిరికితనం" అని, ఆవిడ వద్దు వద్దంటున్నా తనే గుంటలోకి దిగి మోటారు వేయించాడు. నీళ్లలో కాళ్లాడిస్తూ నవ్వాడు. ఏమీ కాలేదు. అదే మా ఖర్మ. ఆ రోజే చిన్న షాక్ ఏదైనా కొట్టి ఉంటే, మహా అయితే వీధంతా నవ్వేది, అంతే.

ఇక చూడండి, ఆ వీధిలో మోగే మగ్గం మాదొక్కటే. చుట్టుపక్కలవాళ్లు వచ్చి గుంటలోకి తొంగిచూసి, "బుర్రంటే మీదండీ!" అనేవాళ్లు. పిన్ని మాత్రం రోజూ దిగేముందు ఆ అతుకుని చూసి, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేది. షాక్ కొట్టకుండా ఉంటుందని హవాయి చెప్పులతో తొక్కి చూసింది. రబ్బరు అడ్డమైతే ఏ పలక మీద కాలుందో తెలియదు. పోగులు తెగాయి, బాబాయి విసుక్కున్నాడు. చెప్పులు గట్టున విడిచిపెట్టి, మళ్లీ ఉత్త కాళ్లతో దిగింది.

సెలవులకి నేను అక్కడే ఉన్నాను. ఆ మధ్యాహ్నం ముసురు. బాబాయి వసారాలో పక్కింటాయనకి మోటారు ఎలా బిగించాలో చెబుతున్నాడు. లోపల పోగుని అటూ ఇటూ మోసే నాడె చప్పుడు ఆగింది. పోగు తెగితే ఆగడం మామూలే, ముడేసుకుని మళ్లీ మొదలుపెడుతుంది. "ఏమేవ్, తెగిందా?" అని కేకేశాడు. మోటారు మాత్రం సన్నగా మోగుతూనే ఉంది. బాబాయి మొహంలో రంగు దిగిపోవడం నేను చూశాను. మేం లోపలికి పరిగెత్తేసరికి పిన్ని బట్ట మీదకి వాలిపోయి ఉంది. బాబాయి గోడ దగ్గర ప్లగ్ పీకి, ఆవిణ్ణి పైకి లాగి, పేరు పెట్టి పిలిచాడు. ఆయన నోట పిన్ని పేరు నేను వినడం అదే మొదలు.

పిన్ని పెద్దకర్మ అయ్యాక బాబాయి నా పక్కన కూర్చుని, "అమ్మాయ్, ఇంగ్లీషు చదువుకున్నావు కదా, ఐడియా అంటే అసలేంటమ్మా?" అని అడిగాడు. అంత నలిగిన మనిషికి గ్రీకు పాఠం చెప్పబుద్ధి కాలేదు. వదిలిపెట్టలేదాయన. చివరికి, "చూడ్డంలోంచే పుట్టిందంట బాబాయ్" అన్నాను.

"అయితే అది నాకు రాలేదమ్మా," అన్నాడు, "మీ పిన్నికి వచ్చింది."

ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు నేను పిన్నికన్నా వయసులో చాలా పెద్దదాన్ని. ఆవిడ ముందే చూసినదాన్ని, ఇన్నేళ్లుగా నేను వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.