ఆఫీసు సారు

త్రినాథరావు ఎనిమిదో తరగతిలో సైన్సు పాఠం మొదలుపెడితే గోడ అవతలున్న ఏడో తరగతికి కూడా అదే పాఠం వచ్చేసేదట. అక్కడి టీచరమ్మ పాపం కాసేపు పోటీపడి, ఇక లాభం లేదని పుస్తకం మూసేసి తనూ వినేది. గోపాలపట్నంలో ఇప్పుడు ఆటోలు నడుపుతున్నవాళ్లని, బ్యాంకుల్లో కూర్చున్నవాళ్లని ఎవరినడిగినా ఈ సంగతి నవ్వుతూ చెబుతారు. బొబ్బిలి దగ్గర పల్లెలో, ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీద దున్నుతున్న అన్నల్ని అన్నానికి పిలిచి పిలిచి పెరిగిన గొంతు అది. ఆగస్టు పదిహేనుకి మైకు చేతికిస్తే పక్కన పెట్టేసేవాడు.

గొంతు కంటే ఆయన ఊరుకోవడం గొప్పది. ప్రశ్న వేసి టక్కున ఆగిపోయేవాడు. జవాబు తనే చెప్పేసి ముందుకుపోయే తొందర ఆయనకి లేదు. సుద్దముక్కతో ఒక పిల్లవైపు చూపించి, ఆ పిల్ల నోరు విప్పేదాకా అలా నిలబడేవాడు. వెనక బెంచీలో పడుకున్నవాడు కూడా ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి లేచేవాడు. ఎవరో ఒకరు సరైన మాట అనగానే, "ఆఁ! అదీ! శభాష్!" అని కిటికీ ఊచలు అదిరేలా అరిచేవాడు. ఆ శభాష్ కోసం పిల్లలు ఇంటి దగ్గర చదువుకొచ్చేవాళ్లు.

లాక్‌డౌన్‌లో బడి మూశారు. పెందుర్తిలో ఇంటి డాబా మీద, నీళ్ల ట్యాంకు గోడకి బోర్డు తగిలించి పాఠాలు వీడియో తీశాడు. భార్య తాయారు స్టూలెక్కి ఫోను పట్టుకునేది. పిల్లలెవరూ లేని ఆ డాబా మీద కూడా ఆయన ప్రశ్న వేసి ఆగిపోయేవాడు.

"ఎవులున్నారని ఆగతన్నారు? నా సేతులు పడిపోతన్నాయి," అని తాయారు విసుక్కునేది.

"పిల్లలు సెప్పాల గదే. కాసేపు ఉండు."

తర్వాత ఖాళీ గాలిలోకి చూసి, "ఆఁ! అదీ! శభాష్!" అనేవాడు. మొత్తం నలభై రెండు పాఠాలు. ఆ ఖాళీల్లో కింది వాటాలో కుక్కర్ విజిల్సూ, స్టేషన్ వైపు పోయే రైలు కూతా రికార్డయ్యాయి.

రెండేళ్లకి ఆయన గొంతులో క్యాన్సర్ పుండు బయటపడింది. డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ప్రాణం మిగిలింది, మాట పోయింది. ఇరవై కిలోలు తగ్గాడు. గుబురు మీసం పోయింది, జుట్టు రాలింది. మెడ దగ్గర ఊపిరి తీసుకునే రంధ్రానికి పల్చటి గుడ్డ కట్టుకుని తిరిగేవాడు. మెడకి ఆనించి మాట్లాడే ఒక మిషన్ ఇచ్చారు గానీ, అందులోంచి వచ్చే మర మోతకి మొదటిరోజే ఇద్దరు పిల్లలు భయపడ్డారు. దాన్ని సొరుగులో పడేశాడు.

సరిగ్గా అప్పుడే బడికి గోడంత డిజిటల్ బోర్డు వచ్చింది. ఇది మన ఉద్యోగాలు తినేస్తుందని స్టాఫ్ రూములో గొణుక్కున్నవాళ్లు చాలామంది. త్రినాథరావుకి మాత్రం అదే అన్నం పెట్టింది. పాత వీడియోలు అందులో పెట్టి, తను పక్కన నిలబడ్డాడు. తెర మీది గొంతు ప్రశ్న వేసి ఆగేది. పక్కనున్న మనిషి సుద్దముక్కతో ఒక పిల్లని చూపించేవాడు. జవాబు తప్పైతే తల అడ్డంగా ఊపి, వీడియో వెనక్కి తిప్పి, మళ్లీ అడిగించేవాడు. ఒప్పైతే తెర శభాష్ అనేది, ఆయన వీపు తట్టేవాడు. తెరది గొంతు, ఆయనది చెయ్యి. రెండేళ్లు ఇద్దరూ కలిసి ఒక్క మాస్టారుగా నడిచారు. ఆ రెండేళ్లూ ఆయనకి మాట పోయిందన్న దిగులే తెలియలేదు.

ఆయన్ని దెబ్బతీసింది ఎవరి పగా కాదు, జాలి. మొన్న జూన్‌లో హెడ్‌మాస్టర్ కామరాజు ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరినవాళ్లు.

"వీడియో ఎలాగూ ఉంది గదా బావా. దాన్ని నొక్కడానికి నువ్వెందుకు? క్లాస్ లీడర్ నొక్కుద్ది. గంటలకి గంటలు నిలబడి ఎందుకొచ్చిన కష్టం నీకు? నువ్వు ఇక్కడ ఫ్యాను కింద కూసో. ఈ యాప్‌ల గోల సూసుకో. దానికి మాట్టాడాల్సిన పన్లేదు."

త్రినాథరావు జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాశాడు: "పాఠం నేను చెబుతున్నాను. వీడియో కాదు."

కామరాజు అది చదివాడు. కళ్లు తుడుచుకున్నాడు. భుజం తట్టి, వెళ్లి ఆర్డరు టైపు చేయించాడు.

అప్పట్నుంచి ఆయన పని భోజనాల ఫొటో, మరుగుదొడ్ల ఫొటో, హాజరు ఫొటో తీసి యాప్‌లోకి ఎక్కించడం. కొత్తగా ఎనిమిదిలోకి వచ్చినవాళ్లు ఆయన పాఠం చెప్పడం ఎరగరు, ఆఫీసు సారు అనేవాళ్లు. గోడ అవతల తన గొంతే గంటసేపు పాఠం చెప్పేది. ఇవతల తను సిగ్నల్ లేని ఫోను పట్టుకుని కూర్చునేవాడు. వినకూడదనుకునేవాడు గానీ, ఆ గొంతు వినపడకుండా ఎలా ఉంటుంది?

ఒకరోజు ఘర్షణ పాఠం వచ్చింది. "ఘర్షణే లేకపోతే సింహాచలం కొండెక్కే బస్సు ఏటవుద్దిరా?" అని గొంతు అడిగింది. తర్వాత నిశ్శబ్దం. ఒక్క పిల్లా పలకలేదు. తమనెవరో అడుగుతున్నారని వాళ్లకి తోచలేదు. కుక్కర్ రెండుసార్లు కూసింది. ఎవరూ ఏమీ చెప్పకుండానే "ఆఁ! అదీ! శభాష్!" అని గొంతు అరిచింది.

త్రినాథరావు లేచి గబగబా క్లాసులోకి వెళ్లి వీడియో ఆపేశాడు. తెర మీద నల్లటి మీసంతో, నిండు మెడతో తన మనిషి నోరు తెరిచి ఆగిపోయాడు. త్రినాథరావు పక్కనున్న పాత బోర్డు మీద కొండ గీశాడు, బస్సు గీశాడు. ముందు బెంచీలో పిల్లవైపు సుద్దముక్క చూపించి ఆగాడు. ఆ పిల్ల బిక్కమొహం పెట్టింది. మరో పిల్లని చూపించాడు. వెనకెవరో కిసుక్కున నవ్వారు.

క్లాస్ లీడర్ నాగశ్రీ లేచింది. మర్యాద తెలిసిన పిల్ల, చేతులు కట్టుకునే అడిగింది.

"ఆఫీసు సార్, ఫొటో తీసుకోడానికొచ్చారా? కొంచెం తొరగా తీసీండి సార్. మా సారు పాఠం సెప్తన్నారు."

ఆ సారుని నేనే అని రాయడానికి చెయ్యెత్తాడు. తెరవైపు చూశాడు. పిల్లలూ అటే చూస్తున్నారు, ఎప్పుడు మొదలవుతుందా అని. అక్కడున్నవాడికి ఇరవై కిలోలు ఎక్కువ, చూడ్డానికి పదేళ్లు తక్కువ. వాడు నేనేనని ఈ నలభైమంది ముందు ఋజువు చేసుకోవాలి. రాస్తే నమ్ముతారేమో. నమ్మి జాలిపడతారు. ఆయనకి ఇక జాలి పట్టే చోటు లేదు.

సుద్దముక్క కింద పెట్టాడు. ఫోను తీసి, క్లాసుకి నిజంగానే ఒక ఫొటో తీశాడు. తర్వాత వీడియో నొక్కాడు.

"థాంక్యూ సార్!" అని నలభైమందీ ఒక్కసారిగా అన్నారు. ఆయన తల ఊపి, పాఠానికి అడ్డం రాకుండా తలుపు మెల్లగా దగ్గరకి వేసి, ఆఫీసు గదికి వెళ్లిపోయాడు.