వడ్ల కింద ఆటస్థలం

మునగాల డ్రిల్ టీచర్ శోభ ఈల ఊదితే కోదాడ పోయే లారీలు కూడా ఎత్తు ప్రకారం వరుసలో నిలబడతాయి. తొమ్మిదో తరగతిలోనే బడికి సెలవిచ్చిన నా మాట నమ్మండి.

సూర్యాపేటలో ఖోఖో సెలెక్షన్లు దగ్గరపడ్డాయి. ఈసారీ ఒక్క పిల్లా ఎంపిక కాకపోతే ఆటల పీరియడ్ లెక్కల సారుకు ఇచ్చేస్తానన్నారు హెడ్‌మాస్టర్. బడి గ్రౌండు చూస్తే నిండా దుర్గయ్య తాత ఆరబోసిన వడ్లు.

“దుర్గయ్య తాతా, పిల్లలు ఉరకనీకి జర ఒక మూలన్న ఇయ్యి,” అని టీచర్ బతిమాలింది.

“వడ్లు యాడికి ఎత్తుకపోవాలె బిడ్డా? ఆటతోని కడుపు నిండుతదా?”

అంతలో మబ్బు కమ్మింది. టీచర్ ఈల ఊదింది. పిల్లలు ఉరికి, వానకన్నా ముందే వడ్లు కుప్పచేసి పట్టాలు కప్పారు. వాన మీద శోభ టీచర్ గెలిచిందని ఊరంతా చాటాను.

“గెలుసుడేంది తమ్మీ,” అంది ఆమె, సెలెక్షన్లు అయిపోయాక. “వడ్లు మిగిలినయ్. గ్రౌండు బురదైంది. ప్రాక్టీసు లేక ఒక్క పిల్ల కూడ సెలెక్ట్ కాలె. సోమవారం నుంచి ఆటల పీరియడ్ల లెక్కలే.”